రాక్షసుడికి తలపాగా చుట్టిందెవరు?

కల్పిత కథలో రాక్షసుడు ఉండడం తప్పు కాదు. చెడుకు ఒక రూపమిచ్చి, దానిని ఓడించి చూపడం కథకున్న పాత ధర్మమే. మన పెద్దలు చెప్పిన దాస్తాన్లలోనూ దయ్యాలు, మాంత్రికులు ఉన్నారు. అయితే ఆ రాక్షసుడికి ఎవరి వేషం వేస్తున్నారన్నదే మా ప్రశ్న.

1992లో డిస్నీ సంస్థ తీసిన 'అలాద్దీన్' కార్టూన్ చిత్రంలో నాయికా నాయకులు అమెరికా ఇంగ్లీషులో మాట్లాడతారు. కాపలా భటులకు, అంగడివారికి మాత్రం అరబ్బు యాస పెట్టారు. పాముగానూ భూతంగానూ మారే ప్రతినాయకుడు జాఫర్‌కు తలపాగా, గడ్డం, వంకీ ముక్కు తగిలించారు. తొలి పాటలో అరబ్బు దేశాన్ని చెవులు కోసే చోటుగా వర్ణించారు. అమెరికాలోని అరబ్బుల హక్కుల సంఘం నిరసన తెలపగా, 1993 వీడియోలో ఆ మాటలు మార్చారు. కానీ ఆ దేశం అనాగరికమన్న మాటను అలాగే ఉంచారు. అది తొలగడానికి 2019 నాటి కొత్త చిత్రం దాకా ఆగవలసి వచ్చింది.

ఇది ఒక్క చిత్రపు సంగతి కాదు. 900కు పైగా హాలీవుడ్ చిత్రాలను పరిశీలించి జాక్ షాహీన్ 2001లో వెలువరించిన గ్రంథం, అరబ్బులను దుష్టులుగా చూపడం ఎంతటి అలవాటో నిరూపించింది.

తెలుగు తెరకూ ఇది వర్తిస్తుంది. 2015 నాటి 'బాహుబలి'లో కాలకేయులు నల్లని ఒళ్లు, అర్థంకాని భాష గల క్రూరుల గుంపు. అదే చిత్రంలో పారశీక వర్తకుడు అస్లాంఖాన్ మర్యాద, స్నేహం తెలిసిన మనిషి. తలచుకుంటే మన దర్శకులు పరాయివానిలోనూ మనిషిని చూపగలరనడానికి ఆ చిన్న పాత్రే సాక్ష్యం.

దివ్య ఖుర్ఆన్ జిన్నాతులలో సైతం సజ్జనులు ఉన్నారని చెబుతుంది. కనిపించని సృష్టికే జాతి మొత్తంగా దుష్టమన్న ముద్ర వేయలేదు. ఇబ్లీసు పతనానికి మూలం కూడా తన పుట్టుక గొప్పదన్న అహంకారమే. తాను అగ్ని నుంచి పుట్టానని, ఆదం మట్టి నుంచి పుట్టాడని చెప్పి అతడు తలవంచ నిరాకరించాడు. పుట్టుకను బట్టి మనిషిని తూచడమే తొలి షైతాను పని.

కనుక మేము నిషేధాలు కోరడం లేదు. తల్లిదండ్రులు పిల్లలతో కలిసి సినిమా చూడాలి, ఈ దుష్టుడికి ఈ దుస్తులే ఎందుకని వారిని అడగాలి. కార్యకర్తలు అభ్యంతరకరమైన సన్నివేశాన్ని, మాటను స్పష్టంగా పేర్కొంటూ నిర్మాతలకు లిఖితపూర్వకంగా తెలియజేయాలి. 1993లో ఆ పాట మారింది అడిగినవారు ఉన్నందుకే. తరగతి గదిలో మన బిడ్డను తోటివారు తెర మీది రాక్షసుడి పేరుతో పిలిచేదాకా మౌనంగా ఉండడం తగదు.