పిసినారి తీగ

కవిత్వంలో మూడు పాకాలున్నాయంటారు. నోట వేసుకోగానే కరిగేది ద్రాక్షాపాకం. తొక్క ఒలిచి తినవలసినది కదళీపాకం. పీచు తీసి, టెంకె పగలగొట్టి గాని రుచి చూడలేనిది నారికేళపాకం. క్లాసులో ఈ పాఠం చెప్పినప్పుడల్లా నాకొక ద్రాక్ష గుర్తుకు వస్తుంది. జాతికి అది ద్రాక్షే గాని పాకం మాత్రం నారికేళం. దాని వైను నోటికి లొంగాలంటే పదేళ్లయినా ఆగాలట!

వైను మాట ఎత్తగానే కనుబొమలు ముడవకండి. మా ఇంట్లో గ్లాసులోకి మజ్జిగను మించినది రాదు. నాకు కావలసినది సీసాలోని కథ.

ఫ్రాన్సు దేశపు దక్షిణ తీరాన, మార్సేయ్, టూలాన్ రేవుల నడుమ బాందోల్ అనే చిన్న ఊరున్నది. చుట్టూ ఉన్న కొండవాలులను మెట్లు మెట్లుగా మలిచి, సున్నం లేకుండా రాతిగోడలు పేర్చి, మట్టి జారిపోకుండా ఆపి, ద్రాక్షతీగలు పెంచుతారు. వాటిలో పెద్దపీట మూర్వేద్ర్ అనే రకానిది. పుట్టిల్లు స్పెయిన్. తోలు మందం, కాపు తక్కువ. అందరి పళ్లూ కోత అయ్యాక గాని ఇది పండదు. కాళ్లు తడిలోనూ తల ఎండలోనూ ఉంటేనే దీనికి సుఖమని అక్కడి రైతుల మాట. ఇంత పేచీకోరు తీగతో వేగేదెవరు?

ఒకప్పుడు వేగారు. 19వ శతాబ్దం రెండవ సగంలో అమెరికా నుంచి ఫైలొక్సెరా అనే పేనువంటి పురుగు వచ్చి ఫ్రాన్సు తోటల వేళ్లు పీల్చి ఎండగట్టింది. 1868లో ప్లాంషోన్ అనే వృక్షశాస్త్రజ్ఞుడూ ఆయన సహచరులూ వేళ్లు తవ్వి చూసి దొంగను పట్టారు. విరుగుడు కూడా అమెరికా నుంచే వచ్చింది. అక్కడి తీగల వేళ్లు ఆ పురుగును తట్టుకుంటాయి కనుక వాటిమీద ఐరోపా తీగలను అంటు కట్టారు. మూర్వేద్ర్ మాత్రం ఆ పరాయి వేళ్లతో తొందరగా పొసగలేదు. తోట పోగొట్టుకున్న రైతు మాత్రం ఎన్నాళ్లు చూస్తాడు? త్వరగా, విరగకాసే రకాలు నాటుకున్నాడు. ఆయనను తప్పుపట్టడం ఆకలి తెలియనివారి పని. అయితే ఆ వెనకటి రుచి క్రమంగా మనుషుల జ్ఞాపకంలోంచే జారిపోయింది.

1936లో లూసియెన్ పేరో అనే యువకుడు ఆ ప్రాంతపు తాంపియే వారింటి అమ్మాయి లూసీని పెళ్లాడాడు. మామగారు అల్లుడికి ఒకనాడు ఫైలొక్సెరాకు ముందునాటి పాత సీసా ఒకటి రుచి చూపించారట. మా నేల ఇటువంటిది ఇచ్చిందా, మరి ఇప్పుడెందుకివ్వదు? ఈ ప్రశ్న అల్లుణ్ణి వదలలేదు. మామగారి తోటలో మళ్లీ మూర్వేద్ర్ నాటాడు. ఆ దంపతులకు ఏడుగురు పిల్లలు. ఏడు కంచాలు నింపవలసిన ఇంట్లో పిసినారి తీగను పెంచడమంటే మాటలా?

పేరో తెలుసుకున్న అసలు సంగతి మరొకటి ఉన్నది. ఓపిక ఒక్కడివల్ల అయ్యే పని కాదు. ఒకరు పదేళ్లు ఆగే సరుకు చేస్తుంటే, పక్కవారు అదే ఊరి పేరుతో పలచని సరుకు అమ్మితే ఇద్దరి పేరూ పోతుంది. అందుకే రైతులు చేతులు కలిపారు. 1941లో బాందోల్ అనే పేరుకు ప్రభుత్వ రక్షణ దొరికింది. ఎర్ర వైనులో మూర్వేద్ర్ పాలు మొదట స్వల్పం. మెల్లమెల్లగా పెంచుకుంటూ సగానికి తెచ్చారు. నేటి నియమం ప్రకారం సగానికి తగ్గరాదు. కోత చేతులతోనే జరగాలి. కనీసం 18 నెలలు కొయ్యపీపాలో నిలవ ఉండాలి. ఈ కట్టుబాట్లు ఎవరో నెత్తిన పెట్టినవి కావు, తమకు తాము కట్టుకున్నవి.

ఇంతకూ పదేళ్లు ఎందుకు ఆగాలి? పోకచెక్కలో, పచ్చి అరటికాయలో నాలుకను పట్టేసే వగరు ఉంటుంది చూశారూ, ఆ జాతి పదార్థమే టానిన్. మందపు తోలున్న ఈ పండులో అది దండిగా ఉంటుంది. సీసాలో ఏళ్లు గడిచేకొద్దీ టానిన్లు ఒకదానితో ఒకటి, రంగుతోనూ జతపడతాయి. కొంత మడ్డిగా అడుగుకు దిగుతుంది. వగరు మెత్తబడుతుంది, ఎరుపు ఇటుక రంగుకు తిరుగుతుంది. సీసాకు పెట్టే బిరడా కూడా తొందరపడేది కాదు. అది కార్క్ చెట్టు బెరడు. ఒకసారి ఒలిచాక మళ్లీ ఒలవడానికి తొమ్మిదేళ్లయినా పట్టాలి. అలాగని పాతబడ్డదల్లా మేలైపోదు. లోకంలోని వైనులో ఎక్కువభాగం ఏడాది రెండేళ్లలో తాగేయడానికే చేస్తారు. సరుకులో సత్తువ లేనిదే కాలం ఏమీ చేయలేదు.

పేరో 1996లో కన్నుమూశాడు. వంటలో పేరుమోసిన లూసీ 102 ఏళ్లు బతికి 2020లో వెళ్లిపోయింది. తోట మాత్రం నేటికీ కాస్తున్నది.

అందరూ పేరోను మెచ్చుకుంటారు, న్యాయమే. నాకు మాత్రం మామగారిమీదనే మనసు పోతుంది. అన్నేళ్లలో ఏ పండగకో, ఏ విందుకో ఆ సీసా విప్పేసి ఉంటే అడిగేవారు లేరు. అది మిగిలింది గనుకనే, ఆ నేల ఏమివ్వగలదో చెప్పడానికి ఒక సాక్షి మిగిలింది.