నిద్రబిళ్ళ చేబదులు

పంచదార చేబదులు ఇచ్చుకుంటాం, కాఫీపొడి ఇచ్చుకుంటాం, తోడుకి చెంచాడు పెరుగు అడిగితే లేదనం. ఈ వరసలోకి నిద్రబిళ్ళ కూడా వచ్చి చేరింది, గమనించారా? "రాత్రి కన్ను మూతపడలేదు వదినా" అంటే చాలు, "నా దగ్గర చిన్న బిళ్ళ ఉంది, సగం వేసుకో" అని షీటు కత్తిరించి ఇచ్చే వదినలు మన చీమకుర్తిలో లేకపోలేదు. మిరపకోతల్లో పట్టేసిన నడుము, పిల్లల ఫీజుల బెంగ, క్వారీకి వెళ్ళిన మనిషి ఇల్లు చేరేదాకా గుబులు. నిద్ర ఎక్కణ్ణుంచి వస్తుంది చెప్పండి! ఇచ్చే ఆవిడ మనసు మంచిదే. చిక్కంతా ఆ బిళ్ళతోనే.

దాని పేరు చాలాసార్లు అల్ప్రాజోలం అయి ఉంటుంది. షీటు వెనక కంపెనీ పేరు ఏదున్నా, కింద సన్నటి అక్షరాల్లో ఈ మాట కనబడుతుంది. గుండె దడ, ఆందోళన ఉన్నవాళ్ళకి డాక్టరు కొద్దిరోజులకని రాసే మందు ఇది. పావు మిల్లీగ్రాము, అర మిల్లీగ్రాము, అంతే మోతాదు. వారాల తరబడి వాడితే ఒళ్ళు అలవాటు పడిపోతుంది. నిన్న సగంతో పట్టిన నిద్ర ఇవాళ ఒకటి వేస్తేగాని పట్టదు.

ఇప్పుడు కల్లు సంగతి చెబుతాను. కల్లుకీ మనకీ ఏమిటి సంబంధం అనకండి. తెలంగాణలో కొన్నిచోట్ల దుకాణాల కల్లులో చెట్టు కల్లు తక్కువ, నీళ్ళు ఎక్కువ. మత్తు కోసం అందులో కలిపేది ఏమిటనుకున్నారు? క్లోరల్ హైడ్రేటు, డయాజెపాం, మన వదిన ఇచ్చిన ఈ అల్ప్రాజోలమే! 2015లో ప్రభుత్వం కల్తీ మీద గట్టిగా దాడులు చేసింది. కల్లులో మందు పడటం ఆగింది. నిజామాబాదు, మహబూబ్‌నగర్ వైపు రోజూ తాగే ఆడా మగా ఒక్కసారిగా మంచాన పడ్డారు. చేతులు వణుకు, లేనివి కనబడటం, అరుపులు, మూర్ఛలు. ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకి జనం బారులు తీరారు. పాపం, వాళ్ళకి తాము తాగుతున్నది నిద్రమాత్రల నీళ్ళని కూడా తెలియదు.

ఆ తరవాతైనా ఆగిందా అంటే లేదు. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లి వైపు కల్తీ కల్లు తాగి కొందరు ప్రాణాలే పోగొట్టుకున్నారు. అదే సంవత్సరం సెప్టెంబరులో బోయినపల్లిలో ఒక బడి భవనంలోనే దొంగచాటుగా అల్ప్రాజోలం తయారుచేస్తుంటే పోలీసులు పట్టుకున్నారు. పిల్లలు పాఠాలు చదివే చోట! అక్కణ్ణుంచి పొడి మహబూబ్‌నగర్ వైపు కల్లు దుకాణాలకి పోతోందని తేలింది.

గంజాయినీ హెరాయిన్‌నీ అదుపుచేసే 1985 నాటి చట్టంలోనే ఈ మందూ ఉంది. అనుమతి లేకుండా 100 గ్రాములకి మించి దగ్గరుంటే కనీసం పదేళ్ళ జైలు. 100 గ్రాములంటే అరగ్లాసు పంచదార ఎత్తు, అంతే కదా అనిపిస్తుంది. లెక్కవేసి చూడండి, పావు మిల్లీగ్రాము బిళ్ళలు నాలుగు లక్షలు అవుతాయి!

బిళ్ళ వేసుకున్న ప్రతివాళ్ళూ మత్తుమందులకి బానిసలవుతారని నేననను. డాక్టరు చెప్పినట్టు వాడి మానేసినవాళ్ళు ఎందరో. కానీ అలవాటైన ఒంటికి ఒక షాపు లేదంటే ఇంకో షాపు కావాలి, అక్కడా లేదంటే దొంగ సరుకైనా కావాలి. 2020 జూలై చివర్లో మన ప్రాంతంలోనే కురిచేడులో ఏం జరిగింది? లాక్‌డౌన్‌లో మందు దొరక్క శానిటైజరు తాగి పదిమందికి పైగా పోయారు. అలవాటు అడిగేది అందకపోతే చేతికందినదే దిక్కు. నెప్పులకిచ్చే ట్రమడాల్, కొడీన్ దగ్గుమందు దారీ ఇంతే. ట్రమడాల్‌ని 2018లో అదే చట్టంలోకి తెచ్చారు. డాక్టరు అవసరం లేకుండా నిద్రమాత్రల్లాంటివి వాడేవాళ్ళు దేశంలో కోటీ పద్దెనిమిది లక్షలమంది అని 2019లో కేంద్రం వేయించిన సర్వే చెప్పింది. వాళ్ళలో ఇంటి అలమరలోంచే మొదలుపెట్టిన కుర్రాళ్ళు ఉండరంటారా?

ఇది చదివి భయపడి, రోజూ వేసుకునేవాళ్ళు ఈ రాత్రికే మానెయ్యకండి! అదీ ప్రమాదమే, మూర్ఛలు రావచ్చు. డాక్టరు చెప్పిన లెక్కలో కొంచెం కొంచెంగా తగ్గించుకు రావాలి. ఒంగోలు ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్యులు ఉన్నారు, సిగ్గుపడాల్సిన పనిలేదు. ఇల్లు కదలలేకపోతే 14416కి ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. మత్తు అలవాటు మాన్పించే సలహాకి 14446. ఇంట్లో మగవాళ్ళు తాగొచ్చిన రాత్రి నిద్రకని ఈ బిళ్ళ ఇవ్వకండి, రెండూ కలిస్తే ఊపిరి మందగించి ప్రాణం మీదికి వస్తుంది.

షీటు మీద ఎర్ర గడి కట్టి హెచ్చరిక ఉంటే, అది చీటీ లేకుండా అమ్మకూడని సరుకు. షాపువాళ్ళు మీ పేరూ డాక్టరు పేరూ రిజిస్టరులో రాసి మూడేళ్ళు ఉంచాలి. రాయకుండా చేతిలో పెట్టే షాపుని మంచి షాపు అనుకోకండి. షీటు మీద కొన్న తేదీ, బిళ్ళల లెక్క పెన్నుతో రాసి పెద్దవాళ్ళ బీరువాలో పెట్టండి, పోపులపెట్టె పక్కన కాదు. మామగారి ఆపరేషన్ నాటివి మిగిలితే వాడేసిన టీపొడిలో కలిపి, కవరులో మూటకట్టి పారెయ్యండి. షీటుని షీటుగానే చెత్తలో వేస్తే ఏరుకునే చేతులు ఉంటాయి.