ఒళ్లు తగ్గడానికి ముహూర్తం

మేడారానికి నిలువెత్తు బంగారం, అంటే తన బరువంత బెల్లం, మొక్కుకున్న మనిషికి తన బరువు చెప్పుకోవడానికి సిగ్గుండదు. జాతర దగ్గరపడగానే మా పాలమూరు వైపు నుంచి కూడా జనం బయలుదేరతారు. బెల్లం దుకాణం ముందు నలుగురూ చూస్తుండగా కాంటా ఎక్కుతారు. తొంభై రెండు కిలోలు తూగితే తొంభై రెండు కిలోల బెల్లం తల్లులకు. అదే మనిషిని పల్లె దవాఖానలో ఏఎన్ఎం కాంటా ఎక్కమంటే చెప్పులు విప్పుతాడు, జేబులో ఫోను తీసి పక్కన పెడతాడు, అంకె వైపు చూడకుండానే దిగుతాడు. "మాది పెద్ద పాణం మేడం, మా నాయన గూడ గిట్లనే ఉండె" అంటాడు.

ముప్పై నలభై కిలోలు తగ్గాల్సిన ఇలాంటి మనిషికి డాక్టరు దగ్గర్నుంచి బావమరిది దాకా అందరూ చెప్పేది ఒకటే: నీకు పట్టుదల ఉండాలి. నా లెక్కలో ఇదీ ఒక మూఢనమ్మకమే. పట్టుదల ఎక్కడి నుంచో వచ్చి మనిషిని పూనుతుందట; పూనినవాళ్లు సన్నబడతారట, పూననివాళ్లు సోమరులట. ఎల్లమ్మ పూనకాన్ని నమ్మే మనిషిని చూసి నవ్వే చదువుకున్నవాళ్లు కూడా దీన్ని మాత్రం శాస్త్రంలాగా చెబుతారు. ఆ మనిషి ఇంట్లో వంట ఎంత అవుతుంది, ఎవరు వడ్డిస్తారు, తగ్గితే వీధి ఏమంటుంది అని అడిగేవాళ్లు అరుదు.

మా గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడూ 2016 అక్టోబరు 11 దాకా మహబూబ్‌నగర్, అంటే పాలమూరు, జిల్లాలోనివే. పాలమూరు లేబర్ అంటే దేశమంతటా ఆనకట్టలకూ కాలువలకూ మట్టి తవ్విపోసిన జనం. ముసలివాళ్లను ఊళ్లో వదిలి, మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సుకు కట్టుబడి వలసపోయిన బతుకులవి. జొన్న రొట్టె, గటక రోజూ ఉండేవి. వరి బువ్వ పండుగకు వండేది. అలాంటి చోట ఒళ్లు చేయడం కలిగిన ఇంటి గుర్తు. చిక్కిపోవడమంటే కరువు, కాకపోతే క్షయ. అందుకే "మంచిగ ఒళ్లు జేసినవ్ బిడ్డా" అన్నది దీవెన, "గింత బక్కగైనవేంది" అన్నది భయం. ఆ కాలానికి ఆ రెండూ సరైన తీర్పులే, ఎగతాళి చేయాల్సినవి కావు. తరవాత 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. జూరాల కింద, కల్వకుర్తి ఎత్తిపోతల కింద వరి మళ్లు పెరిగాయి. మోటార్ సైకిలు, మిక్సీ, ట్రాక్టరు వచ్చాయి. 2025 ఉగాదికి రేషన్‌లో సన్నబియ్యం కూడా వచ్చేశాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే తెలంగాణలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో 30 శాతం, మగవాళ్లలో 32 శాతం ఉండాల్సిన దానికన్నా ఎక్కువ బరువున్నవాళ్లే. ఆకలి పోయింది గానీ, ఆకలి నేర్పిన మాటలు పోలేదు.

ఆ మాటలు ఎలా పనిచేస్తాయో గద్వాలలో ఒక ఇంట్లో చూశాను. కోడలు మూడు నెలలు తిప్పలు పడి ఆరేడు కిలోలు తగ్గింది. జాకెట్లు వదులయ్యాయి. మోకాలి నొప్పి తగ్గింది. చుట్టపు చూపుగా వచ్చిన పెద్దమ్మ గడపలోనే ఆగి, "ఏమైంది పిల్లా, షుగరొచ్చిందా? ఏమన్న మనాదా?" అంది. అత్తకు ఆ మాట తలవంపుగా తోచింది. తాను కోడలికి తిండి సరిగ్గా పెట్టట్లేదని నలుగురూ అనుకుంటారు గదా! సాయంత్రం ఉప్పు, మిరపకాయలు గుప్పిట పట్టి కోడలి చుట్టూ మూడుసార్లు తిప్పి నిప్పుల్లో వేసింది. ఘాటు రాలేదు. "చూసినవా, ఎంత దిష్టి తాకిందో" అంది. ఘాటు వచ్చి ఉంటే దిష్టి పోయింది అనేది. ఏది జరిగినా నమ్మకానికి నష్టం రాని ఏర్పాటు ఇది. మిరపకాయ ఘాటు నిప్పు వేడిని బట్టి, కాయలో తడిని బట్టి, గాలి వాటాన్ని బట్టి ఉంటుంది. వీధిలో ఎవరి కళ్లు ఎలాంటివో దానికి తెలియదు. ఆ రాత్రి మాత్రం కోడలి కంచంలోకి నెయ్యి పూసిన రొట్టె ఒకటి అదనంగా వచ్చింది, వద్దంటే అలక. ఆమెకు పట్టుదల లేదని ఎవరనగలరు?

ఇక ఆడవాళ్లు నలుగురు చేరిన చోట వినబడే ఇంకో మాట, "పిల్లల ఆపరేషన్ జేయించుకున్న కాడికెల్లి ఒళ్లు ఊరింది." మన రాష్ట్రంలో పెళ్లయిన ఆడవాళ్లలో సగానికి పైగా చేయించుకున్న ఆపరేషన్ అది, అందులో చాలామంది పాతికేళ్లలోపే. కాబట్టి లావైన ఏ ఆడమనిషిని అడిగినా ఆపరేషన్ అయ్యే ఉంటుంది, సాక్ష్యానికి కొదవ లేదు. ట్యూబెక్టమీలో అండవాహికలను కట్టేస్తారు లేదా కత్తిరిస్తారు, అంతే. అండాశయాలు వాటి పని అవి చేసుకుంటూనే ఉంటాయి, హార్మోన్లు మారవు. మారేది ఆ చుట్టూ ఉన్న బతుకు. రెండు మూడు కాన్పులు, ఒక్కో కాన్పుకూ నెలల తరబడి నెయ్యి పథ్యం, "బరువులెత్తకు, నడవకు" అన్న కట్టడి, పిల్లలు కంచంలో వదిలేసినదాన్ని పారేయలేక తినే అలవాటు, పైగా వయసు. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేసే పెద్దాపరేషన్ సంగతి వేరు, అక్కడ హార్మోన్ల మార్పు నిజమే. చిన్నాపరేషన్ మీద నెపం పెడితే వచ్చే చిక్కు ఏమిటంటే, జరిగిపోయినదాన్ని ఎవరూ వెనక్కి తిప్పలేరు గనక ఇక చేయగలిగింది ఏమీ లేదని తేలిపోతుంది. థైరాయిడ్ మాటా అంతే. థైరాయిడ్ తక్కువైతే బరువు పెరిగే మాట నిజమే, కానీ సాధారణంగా అది రెండు నుంచి ఐదు కిలోలు, అందులోనూ ఎక్కువ భాగం ఒంట్లో నిలిచిన ఉప్పూ నీరూ. మిగతా ముప్పై కిలోలకు అది జవాబు చెప్పదు.

మొదలుపెట్టే రోజు ఇంకో పెద్ద గండం. సోమవారం నుంచి. అమావాస్య పోయినంక. బతుకమ్మ, దసరా కానిచ్చి. మూఢం వెళ్లాక. సంక్రాంతి సకినాలు అయిపోయాక ఎట్లాగూ. ఈ ముహూర్తాల పిచ్చి మనకే ఉందనుకుంటే పొరపాటు. అమెరికాలో హెంగ్‌చెన్ దాయ్, కేథరిన్ మిల్క్‌మన్, జేసన్ రీస్ 2014లో అచ్చేసిన పరిశోధనలో వారం మొదట, నెల మొదట, ఏడాది మొదట గూగుల్‌లో డైటింగ్ గురించి వెతికేవాళ్లు పెరుగుతారని, వ్యాయామశాలకు వెళ్లేవాళ్లూ పెరుగుతారని తేలింది. పాతదంతా వెనకపడిపోయింది, ఇక కొత్త మనిషిని అన్న భావన మనసుకు నిజంగానే ఊతమిస్తుంది. ఆ మేరకు ముహూర్తానికి బలం ఉందని ఒప్పుకోవాల్సిందే. ఆ బలం తారాబలం మాత్రం కాదు. మనం గీసుకున్న గీతే గనక మంగళవారం సాయంత్రం నాలుగింటికీ గీసుకోవచ్చు. పంచాంగం పెట్టిన గీతలో ఇబ్బంది వేరే ఉంది. ఆదివారం రాత్రి రెండు ప్లేట్ల బిర్యానీకి అది అనుమతి పత్రం. బుధవారం ఒక మిర్చిబజ్జీ తింటే మళ్లీ వచ్చే సోమవారం దాకా వాయిదా.

శనివారం ఒక్కపొద్దు ఉండేవాళ్లు మా దగ్గర చాలామంది. మల్దకల్ తిమ్మప్పకో, బీచుపల్లి ఆంజనేయుడికో. దేవుడి కోసం ఉండేవాళ్లతో నాకు పేచీ లేదు. "దేవుడి పుణ్యం, ఒంటికి డైటింగు" అని రెండు లెక్కలూ ఒకే కంచంలో వేసుకునేవాళ్లతోనే. ఒక్కపొద్దు నాడు అన్నం తినరు. అంటే ఉప్మా తింటారు, పూరీ తింటారు, సగ్గుబియ్యం కిచిడీ తింటారు. సగ్గుబియ్యం దాదాపు మొత్తం పిండిపదార్థమే. అన్నం ముట్టకపోతే ఏమీ తిననట్టే అన్న ఈ నమ్మకం జొన్న రొట్టె మీదికి కూడా పాకింది. వంద గ్రాముల బియ్యంలోనూ, జొన్నల్లోనూ, రాగుల్లోనూ సుమారుగా 320 నుంచి 360 కిలోక్యాలరీలు ఉంటాయి. జొన్నల్లో పీచు ఎక్కువ, నిదానంగా అరుగుతుంది, రెండు రొట్టెలకు కడుపు నిండినట్టుంటుంది. అది మంచిదే. ఐదు తింటే మాత్రం లెక్క మళ్లీ మొదటికే. షుగరు బిళ్లలు వేసుకునేవాళ్లు డాక్టరును అడగకుండా ఒక్కపొద్దులుండటం మాత్రం నవ్వులాట కాదు, చక్కెర పడిపోయి సొమ్మసిల్లుతారు.

ఇక మహిమల సంగతి. 2017-18లో వీరమాచనేని రామకృష్ణ సభలకు ఫంక్షన్ హాళ్లు కిటకిటలాడాయి. రోజుకు 70 నుంచి 100 గ్రాముల కొబ్బరి నూనె లాంటి కొవ్వు, మూడు నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్లు, విటమిన్ బిళ్లలు. అన్నం, రొట్టె బంద్. అంతకుముందు నుంచీ మంతెన సత్యనారాయణరాజు ఉప్పూ వద్దు, నూనే వద్దు అంటున్నారు. ఖాదర్ వలీ కొర్రలు, అరికలు, అండుకొర్రలు తినమన్నారు. ఒకరు నూనె తాగమంటారు, ఇంకొకరు నూనె ముట్టొద్దంటారు. ముగ్గురికీ సన్నబడిన శిష్యులు ఉన్నారు, వాళ్లు చెప్పేదీ అబద్ధం కాదు. మరి పరస్పరం పొసగని మూడు మందులకూ ఒకే జబ్బు తగ్గుతుంటే, పనిచేస్తున్నది మందేనా? మూడింటిలోనూ ఉమ్మడిగా ఏముందో చూడాలి. ఏదో ఒక పెద్ద తిండి సంచీ మూతపడుతుంది, మొత్తం తినేది తగ్గుతుంది. ఏం తింటున్నామో రోజూ గమనిస్తారు. అదే దారిలో ఉన్న పదిమంది కనబడతారు. (కీటో మొదటి వారంలో పోయే రెండు మూడు కిలోల్లో ఎక్కువ భాగం నీరే. కండరాల్లో, కాలేయంలో దాచిన గ్లైకోజన్ ఖర్చవుతూ తనతో పట్టి ఉంచిన నీటిని వదిలేస్తుంది. భక్తి కుదిరేది సరిగ్గా ఆ వారంలోనే.) స్టాన్‌ఫర్డ్‌లో క్రిస్టఫర్ గార్డ్‌నర్ బృందం 609 మందిని రెండుగా విడగొట్టి, సగం మందికి కొవ్వు తగ్గించి, సగం మందికి పిండిపదార్థం తగ్గించి ఏడాది చూసింది. 2018లో వచ్చిన ఫలితం: కొవ్వు తగ్గించినవాళ్లు సగటున 5.3 కిలోలు, పిండిపదార్థం తగ్గించినవాళ్లు 6 కిలోలు తగ్గారు. ఆ తేడా లెక్కలోకి వచ్చేది కాదు.

జిల్లా కేంద్రాల్లో గల్లీకొకటి వెలిసిన న్యూట్రిషన్ సెంటర్లను కూడా ఈ కళ్లతోనే చూస్తాను. పొద్దున ఆరింటికి షేక్ గ్లాసు, కాంటా, తగ్గినవాళ్లకు చప్పట్లు. డబ్బాలోని పొడి ఖరీదు కూలి ఇళ్లు మోయలేనిది. అయినా జనం ఎందుకు పోతున్నారంటే, ఆ ఊళ్లో లావుపాటి మనిషిని నవ్వకుండా పేరు పెట్టి పలకరించి, పోయిన వారం ఎట్లా గడిచిందని అడిగే చోటు అదొక్కటే. ఆ పలకరింపు మన సర్కారు దవాఖానల్లో దొరికి ఉంటే పొడి డబ్బా ఎవరు కొనేవాళ్లు?

నవ్వే మందు అనుకునేవాళ్లు కూడా తక్కువేం లేరు. నాలుగు మాటలంటే పౌరుషం వచ్చి తగ్గుతుందని మొగుడు అంటాడు, పీఈటీ సారు అంటాడు, సినిమాలో కమెడియన్ సరేసరి. బ్రిటన్‌లో యాభై దాటిన 2,944 మందిని నాలుగేళ్లు గమనించి 2014లో అచ్చేసిన అధ్యయనంలో, బరువు వల్ల చులకనకు గురయ్యామన్నవాళ్లు సగటున కిలో దాకా పెరిగారు, మిగతావాళ్లు కాస్త తగ్గారు. ఎగతాళికి భయపడి మనిషి నడకకు బయటికి రాడు, ఇంట్లో కూర్చుని తింటాడు. దీనికి పరిశోధన అవసరమా అనిపిస్తుంది గానీ, ఎగతాళి చేసేవాళ్లకు రుజువు కావాలి గదా.

ఆసరాకు మాత్రం రుజువు గట్టిగానే ఉంది. అమెరికాలో జరిగి 2002లో ఫలితాలు అచ్చయిన మధుమేహ నివారణ పరీక్షలో 3,234 మంది పాల్గొన్నారు. బరువులో ఏడు శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాలు నడవడం, ఇవీ వాళ్లలో ఒక గుంపుకు పెట్టిన లక్ష్యాలు. వంద కిలోల మనిషికి ఏడు కిలోలు, అంతే. ఆ గుంపులో కొత్తగా మధుమేహం రావడం 58 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ బిళ్ల వేసుకున్నవాళ్లలో 31 శాతమే. ఆ నడిచినవాళ్లను వాళ్ల పట్టుదలకు వదిలేయలేదు. ఒక్కొక్కరికి ఒక సలహాదారు ఉన్నాడు, పదహారు పాఠాలు ఉన్నాయి, మానేస్తే ఫోన్ చేసి అడిగేవాళ్లున్నారు. మనకు ఇంకా దగ్గరిది బంగ్లాదేశ్ ఫరీద్‌పూర్ జిల్లా. అక్కడ 96 ఊళ్లు తీసుకుని, కొన్నిటిలో నెలనెలా పద్దెనిమిది నెలలు ఊరి జనాన్ని కూర్చోబెట్టి మాట్లాడించారు. నడిపింది డాక్టర్లు కాదు, అక్కడివాళ్లే. ఆడవాళ్లు ఎప్పుడు నడవాలి, ఎక్కడ నడిస్తే ఎవరూ ఏమీ అనరు, నూనె ఎంత పోయాలి, అన్నీ వాళ్లే తేల్చుకున్నారు. ఇంకొన్ని ఊళ్లలో ఫోన్లకు ఆరోగ్య సందేశాలు పంపారు. 2019లో ఫలితాలు వచ్చాయి: కూర్చుని మాట్లాడుకున్న ఊళ్లలో మధుమేహం, దాని ముందు దశ కలిపి చూస్తే అవి ఉన్నవాళ్లు వందకు సుమారు ఇరవై మంది తక్కువ. ఫోన్ సందేశాలు వెళ్లిన ఊళ్లలో తేడా ఏమీ లేదు. మనవాళ్లు వాట్సాప్‌లో రోజూ పంచుకునే జీలకర్ర నీళ్ల చిట్కాల విలువ ఎంతో దీన్నిబట్టి లెక్కేసుకోవచ్చు.

చాలా బరువు తగ్గాల్సినవాళ్లు ముందు బీపీ, షుగరు, థైరాయిడ్, మోకాళ్లు చూపించుకుని మొదలుపెట్టాలి. వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో 2022 నుంచి, గద్వాలలో 2024 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీలున్నాయి, హైదరాబాద్ బస్సు ఎక్కక్కర్లేదు. 2025లో మన దేశానికి వచ్చిన మౌంజారో, వెగోవీ ఇంజెక్షన్లు అవసరమైనవాళ్లకు డాక్టరు రాస్తే వాడటం కూడా ఓటమి కాదు. ఆకలి మెదడుకూ హార్మోన్లకూ సంబంధించిన వ్యవహారమని ఆ మందులే చెబుతున్నాయి.

ఊళ్లో కూర్చోవడానికి కొత్త సంస్థ కూడా అక్కర్లేదు. మహిళా సంఘం ఊరూరా ఉంది. మీటింగు ఉంది, పుస్తకం ఉంది, సంతకం ఉంది. గర్భిణులను తూచే కాంటా అంగన్‌వాడీలో ఉంది. నడుముకు చుట్టే టేపు కుట్టుమిషన్ ఉన్న ప్రతి ఇంట్లో ఉంటుంది, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు, మగవాళ్లకు 90 దాటితే జాగ్రత్తపడాలని గుర్తుంటే చాలు. ఒక్కటే షరతు: ఆ మీటింగుకు తగ్గాల్సిన మనిషిని ఒక్కదాన్నే పిలిచి లాభం లేదు, అత్తనూ మొగుణ్నీ కూడా కూర్చోబెట్టాలి. ఇంట్లో పూటకు ఎన్ని గిలాసల బియ్యం పోస్తున్నారు, అందులో మిగిలేది ఎంత, అన్నం పారేస్తే పాపమని ఆ మిగిలింది రాత్రి పదింటికి గిన్నె తోమే ముందు ఎవరు తింటున్నారు అన్నది వాళ్ల ముందే తేలాలి.