గడప దాటిన మాట



ఈ మాసము నాయకత్వమును గూర్చి నాలుగు మాటలు వ్రాయదలచితిమి. “సభలలో పూలమాలలు వేయించుకొనువారి సంగతి మనకేల?” యని పుట త్రిప్పివేయకుడు. నేడు నాయకత్వము మన గుమ్మము ముందే నిలిచియున్నది. 1993 ఏప్రిల్ 24 నుండి అమలునకు వచ్చిన రాజ్యాంగ సవరణము పంచాయతీలలో మూడవ వంతునకు తక్కువ కాకుండ స్థానములను స్త్రీలకు కేటాయించెను. తెలంగాణమున 2018 నాటి పంచాయతీరాజ్ చట్టము సగము స్థానములు స్త్రీలవేయని నిర్ణయించెను. ఇక పొదుపు సంఘములందన్ననో, నాయకురాలు మొదలు లెక్కలు వ్రాయునామె వఱకు అందఱును స్త్రీలే.

పీట దొరికినది. మఱి నోరు పెగలినదా? ఎన్ని పల్లెలలో సర్పంచి పదవి భార్యది, పెత్తనము భర్తది! సభలో నతడు ప్రక్కన కూర్చుండి సమాధానములు చెప్పును. ఆమె చూపినచోట సంతకము చేయును. రేపు లెక్క తేలనినాడు బాధ్యత మాత్రము సంతకము చేసిన చేతిదే. మా అలియాబాదు ప్రాంతమునే చూడుడు. కరీంనగరు బాట వెంట భాగ్యనగరము పెరిగి పెరిగి శామీర్‌పేట చెరువు దాటి వచ్చుచున్నది. దున్నిన చేలు ఇండ్ల స్థలములగుచున్నవి. నీళ్ల గొట్టము ముందుగా ఏ వాడకు వేయవలెను, మురుగు ఎచటికి పోవలెను, బడి దారిలో దీపములెచట నిలుపవలెను? ఊరిని ఏలునది పంచాయతీయైనను పురపాలకమైనను తీర్మానింపవలసినవి ఇవియే గదా! బిందె మోయువారికి, బిడ్డలను బడికి పంపువారికి తెలిసినంతగా ఇవి మఱెవరికి తెలియును? తెలిసినవారు మౌనము వహించిన, తెలియనివారి మాటయే తీర్మానమగును.

భారతమున ద్రౌపది సభకు ఈడ్వబడి వచ్చియు ధర్మమును ప్రశ్నించెను. తన్ను తానోడిన పిమ్మట ధర్మజునకు నన్నొడ్డు హక్కెక్కడిదని ఆమె యడుగగా భీష్ముడంతటివాడును తేల్చి చెప్పలేకపోయెను. మనలను ఎవరును ఈడ్చుటలేదు. పీట వేసి పిలుచుచున్నారు. ఐనను మాట గడప దాటదు. దీనికి కారణము తెలివితక్కువయని మేమనము. తెలిసిన పనిలో మనలను తప్పు పట్టువారుండరు. తెలియని పనికి పూనుకొన్న నలుగురు నవ్వుదురను జంకు కలుగును. ఆ జంకే మనకు సంకెల.

ఈ జంకును జయించు తీరు తెలిసికొనుటకు దుర్గాబాయి దేశముఖ్ గారి చరిత్రము కంటె మంచి పాఠము మాకు కనబడదు. 1909లో రాజమహేంద్రవరమున జన్మించిన ఆ బాలిక, 1921లో మహాత్ముడు కాకినాడకు రానున్నాడని విని, దేవదాసీ స్త్రీలును, ఘోషాలోనుండు మహమ్మదీయ స్త్రీలును ఆయన మాట వినవలెనని తలచెను. గౌరవకుటుంబముల పిల్లలు దేవదాసీల వాకిలి తొక్కని కాలమది. ఆమె తొక్కెను. ఐదువేల రూపాయలు కూర్చి తెచ్చినచో కొన్ని నిమిషముల వ్యవధి యిత్తుమని స్థానిక పెద్దలనగా, ఆ స్త్రీలే ఆ సొమ్ము సమకూర్చిరి. గాంధీగారి హిందీ ప్రసంగమును ఆ బాలికయే తెలుగున వినిపించెను. 1923లో కాకినాడ కాంగ్రెసు మహాసభల నాడు ప్రదర్శనశాల ద్వారమున సేవికగా నిలిచి, టిక్కెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూ గారినే ఆపెను.

ఈ రెండు కథలు మీలో చాలమంది వినినవే. మాకు వీనికంటె గొప్పగా తోచునది మూడవది. ఉప్పు సత్యాగ్రహము నాటికే వారు జనమును నడిపించు నాయకురాలు. చెరసాలలో, చట్టమేమో తెలియక శిక్షలనుభవించు స్త్రీలను చూచిరి. వారికి సాయపడుటకు తమ చదువు చాలదని గ్రహించిరి. అంతట, అంత పేరు గడించిన పిదప, ఇరువది యేండ్లు దాటిన వయసున మెట్రిక్యులేషను పాఠములకు కూర్చుండిరి. ఆ పిమ్మట ఆంధ్ర విశ్వకళాపరిషత్తున పట్టము, మదరాసున న్యాయశాస్త్రము. తాము నేర్చుచు తోడి స్త్రీలకు నేర్పుటనుండియే 1937లో మదరాసున ఆంధ్ర మహిళా సభ వెలసెను. రాజ్యాంగ నిర్మాణ సభలో అధ్యక్షస్థానము వహింపదగినవారి పట్టికలో చేరిన స్త్రీ వారొక్కరే. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి ప్రథమాధ్యక్షురాలైరి.

మొదట దాటినది తన వారి వలయము. రెండవది పెద్దల యెడ బెరుకు. మూడవది తన కీర్తి. మూడవదే కష్టము. సభలో మాటలాడుటకు ధైర్యము చాలును. “నాకిది రాదు, నేర్పుడు” అనుటకు అంతకు మించిన ధైర్యము కావలయును.

ఇది గోదావరి తీరమువారికే చెల్లినదని యనరాదు. మా జిల్లాలోని ఘటకేసరమున 1911లో జన్మించిన సంగెం లక్ష్మీబాయి గారు నిజాము సీమ వెడలి గుంటూరు శారదానికేతనమున చదివిరి. ఉప్పు సత్యాగ్రహమున చెరసాలకేగిరి. తరువాత శాసనసభలోను, 1957 నుండి లోక్‌సభలోను కూర్చుండిరి. దిక్కులేని బిడ్డలకై ఇందిరా సేవాసదనమును స్థాపించిరి.

మనము అంత దూరము పోనక్కఱలేదు. సంఘము పుస్తకమును ఇంటికి తెచ్చి మగవారిచే వ్రాయించుట మానుదము. బ్యాంకునకు మనమే పోదము. ఎన్నడును పోని వాడకు పోయి, అచటి అక్కచెల్లెండ్రకు కావలసినదేమో అడుగుదము. సంతకమునకు ముందు తీర్మానమును బిగ్గరగా చదువుదము. తొలినాడు గొంతు వణకును. వణకిన గొంతుతోనే చదువుదము. అర్థము కాని లెక్కను, కార్యదర్శి విసుగుకొన్నను, మరల అడుగుదము.

అయితే ఒక్క మాట. గడప దాటినామె చంటిబిడ్డను ఎవరెత్తుకొందురు? పొయ్యిమీది అన్నము ఎవరు దింపుదురు? ఇంటిలో అత్తగారు, ఆడుబిడ్డ, మగడు ఆ గంటసేపు పని పంచుకొననిచో ధైర్యవచనములు వ్రాయువారి కలమునకే గాని విను చెవికి మేలు చేయవు. పొరుగింటి వదినె సభకు పోయిననాడు ఆమె బిడ్డను మన చంకనెత్తుకొనుటయు నాయకత్వములో పాలుపంచుకొనుటయే. ఈసారి ఆమె పోవలెను, మఱుసారి మనము పోవలెను. బిడ్డ నప్పుడు ఆమె యెత్తుకొనును.