కార్డు మీద చిత్రావతి

పండక్కి ఇల్లు దులుపుతుంటే అటక మీది ట్రంకుపెట్టెలో నాలుగు బొమ్మల పోస్టుకార్డులు దొరికాయి. ఎప్పుడో పుట్టపర్తి అంగట్లో మా మేనత్త కొన్నవి. ఒకదాని మీద ప్రశాంతి నిలయం. ఇంకోదాని మీద ఏటి పక్క కొండమీది చింతచెట్టు, అదే భక్తులు కల్పవృక్షం అనేది. మూడోది లేపాక్షి బసవన్న. నాలుగోదాన్ని మా అబ్బాయి తిప్పి తిప్పి చూశాడు. నిండుగా పారుతున్న ఏరు, ఒడ్డున బట్టలుతికే ఆడవాళ్లు.

'ఇదెక్కడ నాన్నా?'

'పుట్టపర్తే. చిత్రావతి.'

వాడు నమ్మలేదు. వాడికి తెలిసిన చిత్రావతి అంటే ఇసుక, కంపచెట్లు.

మన దేశంలో పోస్టుకార్డు 1879 జులై 1న వచ్చింది. వెల పావు అణా. బొమ్మల కార్డులు ఆ తర్వాత వచ్చాయి. మద్రాసులో హిగిన్‌బాథమ్స్ వాళ్లు వేసిన కార్డుల మీద పట్నం వీధులు, పెద్ద పెద్ద మేడలు ఉండేవి. గొల్లపల్లె అనే పాతపేరున్న మన పల్లెను అప్పుడెవరు అడుగుతారు? 1950 నవంబరు 23న ప్రశాంతి నిలయం మొదలయ్యాక దేశదేశాల జనం రావడంతో, ఊరికి చూపించుకునే ముఖం ఒకటి ఏర్పడింది.

కార్డు వేసేవాడు కొనేవాడి కంటితో చూస్తాడు. అందులో తప్పులేదు. కానీ మేం ఎరిగిన ఏరు వేరు. ఎండాకాలంలో ఇసుకలో మోచేతి లోతు చెలమ తీసి, నీళ్లు తేటపడేదాకా కూర్చుని, చెంబుతో ముంచి బిందెలోకి పోసుకునేవాళ్లం. ఆ చెలమ బొమ్మతో కార్డు వేసినవాళ్లు నాకైతే కనబడలేదు. నందికొండల్లో పుట్టి కడప జిల్లాలో పెన్నలో కలిసే ఈ ఏటికి, ఎగువన పరగోడు దగ్గర కర్ణాటక ఆనకట్ట కడుతోందని 2003లో ఎంత రభస అయిందో పెద్దలకు గుర్తుండే ఉంటుంది. నీళ్లు లేని ఏటికోసం కొట్లాటేమిటని బయటివాళ్లు నవ్వారు. చెలమ నీళ్లు తాగినవాళ్లు నవ్వలేదు.

2021 నవంబరులో ఈ ఏరే పొంగింది. వెల్దుర్తి దగ్గర వరదలో జేసీబీ మీద చిక్కుకున్నవాళ్లను హెలికాప్టర్‌తో తీసుకొచ్చారు. ఆ దృశ్యం టీవీలో చూపిస్తే మావాడు నోరెళ్లబెట్టాడు. అదీ చిత్రావతే అంటే అప్పుడు మాత్రం నమ్మాడు.

నాలుగో కార్డు వెనక మేనత్త చేతిరాత ఉంది. మా నాయనకు రాసి పోస్టు చేయడం మరిచినట్టుంది, స్టాంపు చోటు ఖాళీగానే ఉంది. 'ఏరొచ్చింది. పిల్లోళ్లను తీసుకోని రాండి' అని రెండే ముక్కలు. మా వైపు ఏరు పారిందనరు, వచ్చిందంటారు, దూరదేశం పోయిన కొడుకు ఇంటికొచ్చినట్టు.

తేదీ ఒక్కటి వేసుంటే ఎంత బాగుండేదో! ఇంట్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టి అడిగాను. ఒకరు డెబ్బై ఐదు అన్నారు, ఇంకొకరు కాదు ఎనభై అన్నారు. మేనత్తను అడుగుదామంటే ఆమె లేదు. మీ ఇళ్లలోనూ ఇలాంటి కార్డులుంటే, చెప్పేవాళ్లు ఉన్నప్పుడే వెనక పెన్సిల్‌తో ఊరు, ఏడు రాసిపెట్టండి. మావాడు మాత్రం ఆ కార్డును తన లెక్కల పుస్తకంలో దాచుకున్నాడు. తిరిగి అడిగితే ఇవ్వడం లేదు.