విద్యకును దశబంధము కావలెను

వానను నమ్ముకొని బ్రతుకు సీమలో చెరువు విలువ నెవ్వరికిని బోధింప నక్కరలేదు. మన పూర్వులు చెరువు త్రవ్వించి అంతటితో ఊరకుండలేదు. గండి పడిన పూడ్చుటకు, తూము చెడిన బాగుచేయుటకు, చెరువును కాపాడువారికి కొంత భూమిని దశబంధపు ఇనాముగా విడిచిరి. త్రవ్వించుట ఒకనాటి కీర్తి, నిలుపుట నిత్యధర్మము. ఉన్నత విద్య విషయమున మన ప్రభుత్వములు మొదటిదానిని ఆలస్యముగ చేసినవి, రెండవదానిని మరచుచున్నవి.

1916లో అనంతపురమున ప్రభుత్వ ధనముతో దత్తమండల కళాశాల వెలసినది. ఆ వ్యయము వ్యర్థమైనదా? అచ్చట ఆంధ్రోపన్యాసకులైన చిలుకూరి నారాయణరావుగారే 1928లో నంద్యాల సభయందు ఈ ప్రాంతమునకు రాయలసీమ యను నామమును ప్రతిపాదించిరి. ఒకరు మరొకరికి ధారపోసిన సొత్తు వలె పిలువబడుచుండిన నేలకు తనదైన పేరు లభించినది. ఆ కళాశాలలో చదువుచు 1931లో విద్య విడిచి స్వాతంత్ర్య సమరమున దిగిన నీలం సంజీవరెడ్డిగారు 1956లో ఆంధ్రప్రదేశ్ ప్రథమ ముఖ్యమంత్రియు, 1977లో రాష్ట్రపతియు నైరి. కరవు సీమలో నాటిన ఒక్క విత్తు ఇంత ఫలించినది.

పిదప జరిగినదేమి? 1937 శ్రీబాగ్ ఒడంబడికలో విశ్వవిద్యాలయ కేంద్రము వాల్తేరుతోపాటు అనంతపురమునను వృద్ధిచెందవలెనని పెద్దలు అంగీకరించిరి. ఆ అంగీకారమునకు 31 సంవత్సరముల తరువాత, 1968లో, అనంతపురమునకు వచ్చినది శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము యొక్క స్నాతకోత్తర కేంద్రము. అది 1981లో గాని శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయము కాలేదు. 1946లో ఈ పట్టణము కొరకు ఏర్పడిన ఇంజనీరింగు కళాశాల సైతము మద్రాసు గిండీలో ప్రారంభమై, 1948లో ఇచ్చటికి చేరినది. 2018లో కేంద్రీయ విశ్వవిద్యాలయమును వచ్చినది. ఇందులకు సంతసింతుము. కాని ఇవి యన్నియు పెద్ద జలాశయములు. పిల్లకాలువ లేక చివరి చేనికి నీరందదు.

ఆ చివరి చేను విడపనకల్లు. నల్లరేగడిలో ప్రత్తి, శనగ, మిరప వేసి ఆకాశమువంక చూచు రైతు బిడ్డ ఇంటరు దాటిన పిదప పట్టమునకై ఉరవకొండకో, గుంతకల్లుకో, ఎల్ల దాటి బళ్లారికో పోవుచున్నాడు. కుమారుని కొరకు తండ్రి అప్పు చేయును. కుమార్తె విషయమున బస్సు వేళలు చూచును. ఆ సంవత్సరపు పంట చూచును. తుదకు పెండ్లి సంబంధము చూచును. ఆమె చదువు ఆగుట ఆమె తెలివి చాలక కాదు, దారి చాలక.

ముందు నీరు, తరువాత చదువు అనువారు కలరు. తుంగభద్ర ఎగువ కాలువను, హంద్రీ-నీవాను త్రవ్వించినది ప్రజాధనమే. రైతును చందా అడిగి ఎవ్వరును త్రవ్వలేదు. అది న్యాయమైనపుడు విద్యకాలువకు వేరు న్యాయమెట్లు? సాలునకు సుమారు 550 మిల్లీమీటర్ల వాన కురియు జిల్లాలో భూగర్భజలమును కొలుచువాడు, మన్ను పరీక్షించువాడు లేక కాలువ నీరైనను ఎన్నాళ్లు నిలుచును?

పట్టభద్రులకే ఉద్యోగములు లేవందురు. కావుననే పట్టమొక్కటే గమ్యము కాని సాముదాయిక కళాశాలను మేము కోరుచున్నాము. 1901లో అమెరికాలోని జోలియెట్ పట్టణమున ఆరుగురు విద్యార్థులతో ఆరంభమైన ఈ పద్ధతి ఆ దేశమంతట వ్యాపించినది. 1995లో పుదుచ్చేరి విశ్వవిద్యాలయము మన దేశమున దీనిని చేపట్టినది. 1948లో రాధాకృష్ణన్‌గారి అధ్యక్షతన నియమితమైన సంఘము గ్రామీణ విశ్వవిద్యాలయములను కోరుటయు ఈ భావముతోనే. రెండేండ్లలో మోటారు మరమ్మతు, బిందుసేద్యము, పశువైద్య సహాయము, లెక్కల పని నేర్పి, ఆపై చదువదలచినవారికి పట్టపు ద్వారము తెరచి యుంచవలెను.

విద్యార్థుల రుసుములను ప్రభుత్వము చెల్లించుచున్నది గదా యని మరికొందరి సమాధానము. అది మంచిదే. కాని అది దప్పికకు కడవెడు నీరు కొనియిచ్చుట. చెరువు నిలుపుట కాదు. కొఠారీ సంఘము 1966లో జాతీయాదాయమున నూటికి ఆరు వంతులు విద్యకు వెచ్చింపుమనెను. 2020 నాటి జాతీయ విద్యావిధానమును అదే మాట పలికినది. మాట మాత్రము పాతబడుచున్నది, సొమ్ము రాలేదు.

ప్రభుత్వమును మేము కోరునవి మూడు. విడపనకల్లువంటి మండలముల కందుబాటులో సాముదాయిక కళాశాల. బాలికలకు వసతిగృహమును, వేళకు బస్సును. తాత్కాలికులతో కాలము గడపక స్థిరమైన అధ్యాపకులు. వీనికి ఏటేట తప్పక అందు నిధియే విద్యకు దశబంధము.

భూవసతి కలవారికిని, పట్టణములలోని పెద్దలకును ఒక మాట. స్థలమిండు, భవనమునకు చేయూతనిండు. కాని మీ దానము ప్రభుత్వము తన బాధ్యతను తప్పించుకొనుటకు సాకు కానీయకుడు. మీ బిడ్డలు బెంగుళూరునకో హైదరాబాదునకో పోయి చదువగలరు. మీ చేలో పనిచేయువాని బిడ్డకు ఆ దారి లేదు. ఆ బిడ్డ కొరకు మీరు అడిగిననాడే ఆ అడుగుట ప్రజల గొంతగును.