జాబితాలో లేని కొండవాడ



2023 జూలై 19 రాత్రి రాయగఢ్ జిల్లాలోని ఇర్శాల్‌వాడిపై కొండచరియ విరిగిపడినది. అది ఠాకర్ గిరిజనుల వాడ. రోడ్డు లేదు, కాలినడకనే ఎక్కవలెను. యంత్రములు పైకి చేరలేక మనుష్యులే మట్టి తవ్విరి. 27 శవములు దొరికినవి. 57 మంది జాడ తెలియలేదు. 2014లో పుణె జిల్లా మాళిణ్ గ్రామము ఇట్లే మట్టిపాలైనను, ప్రమాదస్థలముల జాబితాలో ఈ వాడ పేరు లేదు!

జాబితాల సంగతి గుమాస్తాగా నేనెరుగుదును. పాత జాబితాకే కొత్త తేదీ వేసి పంపిన పాపము నాకును కలదు. సహ్యాద్రి వాలులలో అట్టి వాడలింకను కలవు. మే నెలలోనే అధికారులు స్వయముగా కొండలెక్కి, నేల పగుళ్లు చూచి, అచటి ముసలివారి నడిగి పేర్లు వ్రాయవలెను. ఊరు విడుచుట ఎంత కష్టమో మగ్గముల వెంట ఇచటికి వచ్చిన మన కుటుంబములకు తెలియనిది కాదు. వానకాలమునకు దిగువన మనుష్యులకు వసతితోపాటు పశువులకు కొట్టములు కూడ చూపవలెను. గొడ్డును పైన విడిచి ఎవరు దిగివత్తురు?

ఇట్లు,
ఒక విశ్రాంత గుమాస్తా,
టెంఘర్, భివండీ.